గోంగూర ఫొటో, పదకొండు రోజుల తాళం, అక్క కొడుకు సర్వర్

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒకావిడ రాశారు. ఉత్తరం చాలా పెద్దది, ఫోన్‌లో చదువుతుంటే పైకి జరిపీ జరిపీ వేలు నొప్పి పుట్టింది. పేర్లు తీసేసి కుదించి చెబుతున్నాను.

ఆవిడకు 47 ఏళ్లు. 2016లో డాబా మీద పది కుండీలతో మిద్దెతోట మొదలుపెట్టి, తెలిసిన నలుగురి కోసం ఒక పెద్ద సోషల్ మీడియా ప్లాట్‌ఫామ్‌లో గ్రూపు తెరిచారు. ఇప్పుడు అందులో 41 వేల మంది. విత్తనాలు పంచుకోవడం, పిండినల్లి పడితే ఏం కొట్టాలి, రోహిణి కార్తెలో కుండీలకు నీడ ఎలా కట్టాలి, పొట్లపాదు పూత రాల్చేస్తోంది ఏం చేయను, రోజంతా ఇదే గోల. ఆవిడ కాక ఇంకా ఇద్దరు అడ్మిన్లు. ఒకరు గుంటూరు బ్రాడీపేటలో ఉండే రిటైర్డ్ వ్యవసాయ అధికారి. చుట్టరికం లేదు గానీ ఈవిడ ‘బాబాయిగారూ’ అంటారు. రెండోది సొంత అక్క కొడుకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని.

కిందటి వేసవిలో ఆవిడ లేత గోంగూర మొక్క ఫొటో పెట్టారు. ప్లాట్‌ఫామ్ మిషన్ దాన్ని గంజాయి అనుకుంది. ఫొటో తీసేసింది, ఆవిడ అకౌంట్‌కు తాళం వేసేసింది. అప్పీలు బటన్ నొక్కితే ‘పరిశీలిస్తున్నాం’ అని ఒకటే మాట. ఫోన్ నంబర్ లేదు, మనిషి లేడు. “పదకొండు రోజులు మా ఇంటి గుమ్మం బయట నేనే నిలబడ్డట్టు ఉందండీ” అని రాశారు. పన్నెండో రోజు పొద్దున్న ఏమీ జరగనట్టు తెరుచుకుంది. సారీ కూడా లేదు.

అది చూసి ఆ అక్క కొడుకు అబ్బాయికి ఒళ్లు మండి రెండు వారాల్లో మాస్టోడాన్ సర్వర్ ఒకటి పెట్టేశాడు, ట్విట్టర్ లాంటిదే గానీ ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకునేది. నెలకు 1,800 రూపాయలు తన కార్డు మీంచే కడుతున్నాడు. గ్రూపు మొత్తాన్ని అక్కడికి తరలిద్దాం అంటాడు. ఇప్పటికి 312 మంది వెళ్లారు, రోజూ రాసేవాళ్లు నలభై మంది. బాబాయిగారేమో “ఊరంతా ఇక్కడుంటే పొలిమేర అవతల పాక వేసుకుని నాది సొంతిల్లు అన్నట్టుంది” అన్నారట. దానికి అబ్బాయి గ్రూపులో అందరి ముందూ “కంపెనీకి వెట్టిచాకిరీ చేసే అలవాటు కొందరికి పోదు” అని రాశాడట. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఇంకో రెండు సంగతులు కూడా రాశారు. 2024 సెప్టెంబరు వరదల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ గ్రూపు మొక్కల సంగతి పక్కన పెట్టి పాలు, మందులు, పడవల కబుర్లు మోసింది. ఒక సభ్యురాలు పసిబిడ్డకు పాలు కావాలని పెట్టిన పోస్టు చూసి ఎవరో ఎవరికో చెప్పి రెండో రోజుకు ఆవిడను బయటికి తెచ్చారు. అదే పోస్టు నాలుగో రోజున చాలామందికి కొత్తదానిలా కనిపించి, అందరూ మళ్లీ ఆ ఇంటికే పాల ప్యాకెట్లు పట్టుకెళ్లబోయారు. రెండో సంగతి, మొలకెత్తని విత్తనాలు అమ్ముతున్న ఒకాయనను గ్రూపులోంచి తీసేస్తే లాయర్ నోటీసు ఇస్తానని బెదిరించాడు.

చివర్లో అడిగింది ఇది: “నేను వెళ్లాలా, ఉండాలా? ఎటు మొగ్గినా ఒక మనిషి దూరమవుతాడు. మా వారేమో రెండూ మూసేసి మొక్కలకు నీళ్లు పోసుకో అంటున్నారు. నిద్ర పట్టడం లేదు.”

ఏవండీ, ముందు నా సొంత బాధ చెప్పుకోనివ్వండి. నేను గుంటూరుదాన్ని. గోంగూరను గంజాయి అన్నారంటే నన్ను అన్నట్టే. అయితే మిషన్‌ను పూర్తిగా తిట్టడానికి కూడా లేదు, గోంగూర జాతిలో ఒకదాని శాస్త్రీయ నామమే హైబిస్కస్ కన్నాబినస్, ఆకు గంజాయి ఆకులా చీలి ఉంటుందని పెట్టిన పేరు. అంటే వృక్షశాస్త్రవేత్తలకు కూడా ఆ పోలిక తట్టింది. తేడా ఎక్కడంటే వాళ్లు మొక్కను చూసి పేరు పెట్టి ఊరుకున్నారు, ఇక్కడ తాళం వేశారు, వేశాక ఎవరినడగాలో చెప్పలేదు. మిమ్మల్ని ఇప్పటికీ కుదిపేస్తున్నది పొరపాటు కాదని, అడగడానికి ఎవరూ లేకపోవడమని నాకనిపించింది.

మీరడిగిన ప్రశ్న ఒకటే గానీ ఉత్తరంలో మూడున్నాయి. మళ్లీ తాళం పడితే ఎలా అన్న భయం ఒకటి. ఇన్నేళ్ల కబుర్లు, జవాబులు ఎక్కడ దాచుకోవాలన్నది రెండోది. మీ అబ్బాయికీ బాబాయిగారికీ మధ్య నలిగిపోవడం మూడోది. మూడింటినీ కలిపి ‘వెళ్లాలా ఉండాలా’ అని ముడేశారు, అందుకే విడటం లేదు.

మీ అబ్బాయి జబ్బును సరిగ్గానే పట్టుకున్నాడు. మందు మాత్రం తన అలమరాలో ఉన్నదే రాశాడు.

అతను చెప్పే వికేంద్రీకరణ అంటే ఏమిటో మీకు అతను చెప్పే ఉంటాడు, కానీ కుర్రాళ్లు చెప్పే తీరులో మనకు సగం అర్థం కాదు, అందుకని నా భాషలో ఒకసారి. మీ మెయిల్ జీమెయిల్‌లో ఉంటుంది, మీ ఆయనది ఆఫీసువాళ్ల సర్వర్లో ఉంటుంది, అయినా ఉత్తరం అటూ ఇటూ వెళ్తుంది కదా. కంపెనీలు వేరు, ఉత్తరం నడిచే పద్ధతి ఒకటే. సోషల్ మీడియాకు అలాంటి పద్ధతి ఒకటి రాసిపెట్టారు, పేరు యాక్టివిటీపబ్, వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ 2018లో దాన్ని ఆమోదించింది. ఇప్పుడు ఆ పద్ధతి మీదే నడుస్తున్న మాస్టోడాన్ అంతకు ముందే, 2016లో, జర్మనీలో ఉండే యూజెన్ రోచ్కో అనే కుర్రాడు మొదలుపెట్టింది. మీ అబ్బాయి సర్వర్‌లో ఉన్నవాళ్లు ఇంకో దేశంలో ఇంకెవరో నడిపే సర్వర్‌లోని వాళ్లను ఫాలో కావచ్చు, మాట్లాడవచ్చు. ఎవరి సర్వర్ రూల్స్ వాళ్లవి. పైగా హోమ్‌లో పోస్టులు పడిన వరసలోనే వస్తాయి, మిషన్ ఏరి చూపించడం ఉండదు, కాబట్టి మీ పాల ప్యాకెట్ల గందరగోళం లాంటిది చాలావరకు తగ్గుతుంది.

అయితే ఆ వరదలోనే రెండో వైపు కూడా చూడండి. పడవ దొరికింది ఎందుకు? 41 వేల మందిలో పడవ ఉన్నవాడిని తెలిసిన ఒక మనిషి ఉన్నాడు కాబట్టి. 312 మందిలో ఉండేవాడా?

ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తేదీ దించేదీ మనం కాదు, కానీ కాలవలో నీళ్లు వస్తాయి, పూడిక తీసే బాధ మనకు లేదు. పెరట్లో బావి తవ్వుకుంటే గేటు గొడవ ఉండదు, కాకపోతే ఏటా పూడిక తీయాల్సింది మనమే, తాడు తెగితే కొనాల్సింది మనమే, రాత్రిపూట ఎవరైనా అందులో ఏదైనా పడేస్తే దిగాల్సింది కూడా మనమే. మీ అబ్బాయి బావి బాగా తవ్వాడు. పూడిక సంగతి ఎవరూ మాట్లాడటం లేదు.

అతన్ని కూర్చోబెట్టి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కోపంగా వద్దు, కాఫీ ఇచ్చి అడగండి.

సర్వర్ డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో దాని అడ్రసు, ఎవరి పేరు మీద ఉంది, ఎప్పుడు రెన్యూ చేయాలి? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. 2024 ఫిబ్రవరిలో ఒక మాస్టోడాన్ సర్వర్, పేరు చివర ‘డాట్ ఏఎఫ్’ అని ఉండేది, అది ఆఫ్ఘనిస్తాన్ డొమైన్, అక్కడి తాలిబాన్ ప్రభుత్వం ఆ పేరును ఆపేసింది, దాంతో ఆ సర్వర్ కథ ముగిసింది. మీ విషయంలో తాలిబాన్ అక్కర్లేదు, క్రెడిట్ కార్డు గడువు తీరితే చాలు.

అతనికి జ్వరం వస్తే, పెళ్లయి ఊరు మారితే, ఉద్యోగం పోతే, పాస్‌వర్డ్ ఇంకెవరి దగ్గర ఉంది? మాస్టోడాన్ వాళ్లు తమ సైటులో జాబితా వేసే సర్వర్లకు కొన్ని షరతులు పెట్టారు: రోజూ బ్యాకప్ తీయాలి, అత్యవసరంలో లోపలికి వెళ్లగలిగే రెండో మనిషి ఒకరైనా ఉండాలి, మూసేయాలనుకుంటే 3 నెలల ముందు చెప్పాలి, ద్వేషపు రాతలను పట్టించుకుని తీసేయాలి. ఇవేవో పెద్దవాళ్ల కోసం రాసినవి అనుకోవద్దు, దెబ్బలు తిని రాసుకున్నవి. మాస్టోడాన్ డాట్ టెక్నాలజీ అనే సర్వర్ ఏళ్ల తరబడి బాగా నడిచింది, నడిపే మనిషికి ఇంట్లో కష్టం వచ్చింది, 2022లో మూసేస్తున్నానని చెప్పేశాడు. అతను మంచివాడు కాబట్టి ముందుగా చెప్పాడు, జనం సర్దుకుని వెళ్లగలిగారు. అలా వేరే సర్వర్‌కు మారినప్పుడు మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లు మీతో వస్తారు, మీ పాత పోస్టులు మాత్రం రావు. పైగా ఆ మారడం జరగాలంటే పాత సర్వర్ ఇంకా బతికుండాలి. హఠాత్తుగా ఆరిపోతే ఇక అంతే. కంపెనీ తాళం వేస్తే పదకొండు రోజులు, ఇక్కడ ఒక హార్డ్ డిస్క్ పోతే అసలు తలుపే ఉండదు.

ఆడవాళ్లు ఎక్కువ ఉన్న గ్రూపు మీది, విత్తనాలు పంపించుకోవడానికి ఇంటి అడ్రసులు, ఫోన్ నంబర్లు ప్రైవేట్ మెసేజీల్లో ఇచ్చుకుంటారు. మాస్టోడాన్‌లో ఆ మెసేజీలు వాట్సాప్‌లోలా తాళం వేసి వెళ్లవు, సర్వర్ నడిపేవాడు చూడాలనుకుంటే చూడగలడు. మీ అక్క కొడుకు బంగారం కావచ్చు, కానీ మంగళగిరిలో ఉండే సభ్యురాలికి అతను ఎవరు? ఈ మాట చేరేముందే సభ్యులకు చెప్పాలి. పెద్ద ప్లాట్‌ఫామ్ మాత్రం చూడదా అంటాడు అబ్బాయి, నిజమే, కానీ అక్కడ చూసేవాడు మన వీధిలో వాడు కాదు. ఎరిగినవాళ్ల చేతిలో ఉండటం కొన్నిసార్లు ఎక్కువ ఇబ్బంది, మనూళ్లో అది నేను మీకు చెప్పాలా.

ఇంకోటి, ఇది నాకు అన్నిటికన్నా విచిత్రంగా అనిపించింది. మీకు కావాల్సింది గ్రూపు. ప్రశ్న అడిగితే కింద జవాబులు పేరుకోవాలి, వచ్చే ఏడాది ఇంకొకరు వెతికితే దొరకాలి. మాస్టోడాన్ పాత ట్విట్టర్‌లాంటిది, మనుషులను ఫాలో కావడానికి కట్టింది. హ్యాష్‌ట్యాగ్‌లతో కొంత లాక్కురావచ్చు గానీ అది గ్రూపు కాదు. పాత పోస్టుల్లో మాటలు వెతకాలంటే కూడా సర్వర్ నడిపేవాడు విడిగా వెతుకుడు సాఫ్ట్‌వేర్ పెట్టాలి, దానికి మెమరీ తినేస్తుంది, అద్దె పెరుగుతుంది. ఇదే కుటుంబంలో లెమ్మీ అని ఇంకోటి ఉంది, రెడిట్ అనే చర్చల సైటులా అంశాల వారీగా ఉంటుంది, 2023 జూన్‌లో ఆ రెడిట్ కంపెనీతో వాడేవాళ్లకు గొడవ జరిగినప్పుడు చాలామంది దానిలోకి వెళ్లారు, మీ పనికి అదే దగ్గర. అబ్బాయికి మాస్టోడాన్ ఇష్టం కాబట్టి మాస్టోడాన్ పెట్టాడు. మనం కూడా అంతే, మనకు వంకాయ ఇష్టమని వచ్చినవాళ్లందరికీ వంకాయ నారే ఇస్తాం.

మీ విత్తనాలాయన సంగతి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టినదానికి అడ్మిన్‌ను బాధ్యుడిని చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. కానీ సర్వరే మీది అయినప్పుడు మీరు ఉత్త అడ్మిన్ కారు, ఐటీ చట్టం భాషలో మధ్యవర్తి, అంటే ఇతరుల రాతలకు చోటిచ్చేవాళ్లు, అవుతారు. సెక్షన్ 79 మధ్యవర్తికి రక్షణ ఇస్తుంది, దానికి బదులుగా 2021 ఐటీ రూల్స్ కొన్ని పనులు చెబుతాయి. ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైటులో పెట్టాలి, ఫిర్యాదు అందిందని చెప్పాలి, గడువులోగా తేల్చాలి, కోర్టో ప్రభుత్వమో తీసేయమంటే తీసేయాలి. గడువుల్లో మార్పులు వస్తుంటాయి కాబట్టి ఒకసారి లాయరుతో గంట కూర్చోండి, ఆ ఫీజు దండగ కాదు. ఇప్పుడా అధికారి ఎవరు, మీ అబ్బాయేనా? అయితే ఆ నోటీసు వచ్చేది అతని ఇంటికి, అంటే మీ అక్కగారి ఇంటికి. అక్కతో ఈ మాట అన్నారా?

ఇదంతా చదివి బాబాయిగారే కరెక్టు అని మురిసిపోకండి.

ఆయన వాదనలో సత్తా ఉన్నది ఒకటే, జనం. అది చాలా పెద్దది, ఒప్పుకుంటాను. 2019 చివర్లో సుప్రీంకోర్టు లాయరు సంజయ్ హెగ్డే ట్విట్టర్ అకౌంట్ ఆపేశారని మన దేశంలో ఒక్కసారిగా చాలామంది మాస్టోడాన్‌కు వెళ్లారు, కొన్నాళ్లకు ఎక్కువమంది వెనక్కి వచ్చేశారు. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక మళ్లీ అదే, నెల తిరిగేసరికి 3 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగారని మాస్టోడాన్ వాళ్లే చెప్పారు, తర్వాత అందులో సగానికి పైగా జారిపోయారు. పెళ్లిలో భోజనాలు ఎంత బాగున్నా తెలిసిన మొహం ఒక్కటీ కనిపించకపోతే తాంబూలం తీసుకుని వచ్చేస్తాం, అంతే. అందుకే కోపం మీద జరిగే వలసల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అక్కడ ఎదురుచూసే మనుషులు ఉంటేనే నిలుస్తారు.

కానీ బాబాయిగారు ‘ఇక్కడ భద్రంగా ఉన్నాం’ అనుకుంటున్నారు చూశారా, అది పొరపాటు. ఆర్కుట్ 2014లో మూసేశారు. యాహూ గ్రూపుల్లో తెలుగువాళ్లు ఎన్ని చర్చలు చేసుకున్నారో ఆయన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, 2019 చివర్లో పాత ఉత్తరాలన్నీ తీసేస్తామన్నారు, 2020 డిసెంబరుకి మొత్తానికే మూసేశారు. మన దేశం వాళ్లే పెట్టిన కూ యాప్ తెలుగులో కూడా వచ్చింది, ‘ఇది మనది’ అని ఎంతమంది చేరారో, 2024 జులైలో దుకాణం కట్టేశారు. ‘మనది’ అనేదీ వికేంద్రీకరణ అనేదీ వేరు. కూ స్వదేశీదే, కానీ గేటు మాత్రం ఒక్కటే. బెంగళూరులో ఉన్న గేటైనా కాలిఫోర్నియాలో ఉన్న గేటైనా, మూస్తే మూసినట్టే.

ఇంతకీ మీ ముందున్న దారులు.

ఉన్నచోటే ఉండొచ్చు. ఇది ఓడిపోవడం కాదు, ముందే చెబుతున్నా. అలా ఉంటే మాత్రం అడ్మిన్లను ముగ్గురి నుంచి ఐదుగురో ఆరుగురో చేయండి, వేర్వేరు ఇళ్లవాళ్లు, వేర్వేరు ఊళ్లవాళ్లు. మీ ఒక్కరి అకౌంట్ ఆగితే గ్రూపు ఆగకూడదు. రెండోది, మీ దగ్గర సభ్యుల మెయిళ్లు ఉన్నాయా? లేవు కదా. 41 వేల మందిలో రేపు ఒక్కరిని కూడా ఆ ప్లాట్‌ఫామ్ లేకుండా మీరు పలకరించలేరు, గోంగూర కన్నా నన్ను భయపెట్టింది ఇది. ఇష్టమున్నవాళ్లు పేరు, మెయిలు ఇవ్వండి, ఏదైనా జరిగితే ఎక్కడ కలుద్దామో చెబుతాం అని ఒక ఫారం పెట్టండి, రెండు వేల మంది ఇచ్చినా మీకు కొత్త ఊరు కట్టడానికి చాలు. ఈ దారిలో పోయేదేమిటంటే, మళ్లీ మిషన్ పొరపాటు పడుతుంది, పోస్టులు మళ్లీ వెనకా ముందూ అవుతాయి, అది మీ చేతిలో ఉండదు. అబ్బాయి మనసు కూడా నొచ్చుకుంటుంది.

పూర్తిగా వెళ్లొచ్చు. గౌరవమైన దారి, ఖరీదైన దారి. డబ్బు గురించి అనడం లేదు, 1,800 పెరిగితే మూడు వేలవుతుంది, చందాలు వేసుకోవచ్చు. మాస్టోడాన్‌లో బయటి సర్వర్ల ఫొటోలు కూడా మన సర్వర్‌లో కాపీలుగా పేరుకుంటాయి, ఎప్పటికప్పుడు శుభ్రం చేయకపోతే డిస్క్ నిండిపోతుంది, అది అబ్బాయికి తెలిసే ఉంటుంది. నేనంటున్న ఖరీదు మనుషులది. మీ సభ్యుల్లో అరవై దాటినవాళ్లు ఎంతమందో మీకే తెలుసు. కొత్త యాప్, కొత్త పాస్‌వర్డ్, ‘ఏ సర్వర్ ఎంచుకుంటారు’ అన్న ప్రశ్న దగ్గరే సగం మంది ఫోన్ కింద పెట్టేస్తారు. అలా రానివాళ్లు మూర్ఖులు కారు, వాళ్లకు అక్కర్లేదు, అంతే. నలభై ఒక్క వేలు రెండు వేలయితే మీకు ఫర్వాలేదా? కొందరికి అదే హాయి. తెలిసిన మొహాలు, తగాదాలు తక్కువ, విత్తనాలు అమ్మేవాడు అటు రాడు. నిజంగా ఆ హాయి కావాలా అని మిమ్మల్ని మీరే అడగండి, అబ్బాయి కోసం కాదు.

మధ్యలో ఇంకో దారి ఉంది, పెద్దగా ఎవరూ మెచ్చుకోరు దీన్ని. సొంత సర్వర్ కాకుండా, ఇప్పటికే బాగా నడుస్తున్న వేరే సర్వర్‌లోనో, బ్లూస్కై అనే ఇంకో సోషల్ మీడియాలోనో ఒక అకౌంట్ మాత్రం పెట్టుకుని ఉంచడం. బ్లూస్కై మొదట ట్విట్టర్‌లోనే 2019లో ఆలోచనగా పుట్టింది, దాని పద్ధతి వేరు, ఏటీ ప్రోటోకాల్ అంటారు, యాక్టివిటీపబ్‌తో నేరుగా కలవదు. మారినప్పుడు పోస్టులు కూడా వెంట తీసుకుపోయే వీలు అందులో ఉంది, ఆ ఒక్కటీ నాకు నచ్చింది. కానీ చెప్పుకోవడానికి వికేంద్రీకృతమే గానీ ఇప్పటికి ఎక్కువమంది అకౌంట్లు ఆ ఒక్క కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి. తలుపులు ఎన్ని పెట్టినా అందరూ ఒకే హాల్లో కూర్చున్నట్టు. ఫేస్‌బుక్ నడిపే మెటా వాళ్ల థ్రెడ్స్ యాప్ కూడా 2024 నుంచి మాస్టోడాన్ వైపు తలుపు కొంచెం తెరిచింది. రేపు ఈ తలుపులు ఇంకా తెరుచుకోవచ్చు, మూసుకోనూ వచ్చు. కంపెనీ తెరిచిన తలుపు కంపెనీ ఇష్టమే కదా.

నన్ను అడిగితే, అడిగారు కాబట్టి, గ్రూపును కదపకుండా జ్ఞానాన్ని కదపడం ముందు చూడమంటాను.

మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు గానీ నేను అక్కడే ఆగిపోయాను. తెనాలి పెద్దావిడ ఒకరు పురుగులకు కొట్టే వేప మందు నీమాస్త్రం, పుల్లమజ్జిగ కొలతలు ఎంతో ఓపిగ్గా ఎన్నో వందల కామెంట్లలో చెప్పారనీ, 2021లో ఆవిడ పోయారనీ, ఇప్పుడా కామెంట్లు వెతికితే దొరకడం లేదనీ రాశారు. ఆవిడ జవాబులు ఎక్కడుంటాయన్నదే మీ అసలు ప్రశ్న అని నాకనిపిస్తోంది. వాటిని ఆ ప్లాట్‌ఫామ్ మూటగట్టి మీకివ్వదు. మీ సొంత పోస్టులు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఇతరులు రాసినవి కూర్చుని చేత్తో ఎత్తాల్సిందే. పదిమంది కలిసి, నెలకో అంశం, ఈ నెల పురుగులు, వచ్చే నెల నారు, ఇలా ఎత్తి ఒక మామూలు వెబ్‌సైటులో అక్షర క్రమంలో పెట్టండి. రాసినవాళ్లను అడిగి పెట్టండి, అవి వాళ్ల మాటలు. పెద్దావిడవి అయితే వాళ్ల పిల్లలను అడగండి. ఆ సైటు మొత్తం నెలకోసారి కాపీ తీసి మూడు ఇళ్లలో మూడు పెన్‌డ్రైవ్‌లలో ఉంచండి. వికేంద్రీకరణకు దీనికన్నా పాత పద్ధతి లేదు, విత్తనాలు మనం దాచేది అలాగే, ఒకరింట్లో చెదపడితే ఇంకొకరింట్లో ఉంటాయని.

ఆ సైటు నడిపే పని మీ అబ్బాయిది. అతని సర్వర్ కూడా ఉండనివ్వండి, ఆ నలభై మందినీ చెదరగొట్టొద్దు, వరద రోజుల్లాంటివి మళ్లీ వస్తే (రాకూడదు) పెద్ద ప్లాట్‌ఫామ్ మొరాయించినప్పుడు నిలబడటానికి ఒక చోటు ఉంటుంది. కాకపోతే ఏడాదికి ఒప్పందం చేసుకోండి: డొమైన్ ఇద్దరి పేరు తెలిసేలా, పాస్‌వర్డ్ రెండో మనిషి దగ్గర, బ్యాకప్ తీయడమే కాదు ఒకసారి తిరిగి ఎక్కించి చూడటం, ఖర్చు అందరిదీ. దీనికి అతను ఒప్పుకోకపోతే మీకు ఒక విషయం తెలిసినట్టే, అతనికి కావాల్సింది కంపెనీ లేకపోవడమా, లేక తాళంచెవి తన దగ్గర ఉండటమా అనేది. ఒప్పుకుంటాడనే నా నమ్మకం. పిన్ని పదకొండు రోజులు గుమ్మం బయట నిలబడితే తట్టుకోలేక పెట్టిన సర్వర్ అది. ఆ మాట మీరు అతనితో ఎప్పుడైనా అన్నారా? ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు.

అలాగే ‘వెట్టిచాకిరీ’ మాట అతనే తీసుకోవాలి. అందరి ముందూ రాశాడు కాబట్టి అందరి ముందే. పోస్టు డిలీట్ చేస్తే సరిపోదు, అది చూసినవాళ్లు చూసేశారు.

బాబాయిగారికి ఫోన్ మాత్రం మీరే చేయండి, సర్వర్ ఊసెత్తకుండా. పురుగుల పేజీకి మొదటి వంద జవాబులు ఎవరు సరిచూస్తారు అని అడగండి, వ్యవసాయ శాఖలో అన్నేళ్లు చేసిన మనిషి, కాదనరు. ‘అది ఎక్కడ పెడుతున్నారమ్మా’ అని ఆయనే అడుగుతారు. అప్పుడు చెప్పండి, ఎవరు కడుతున్నారో కూడా చెప్పండి. ఒక నిమిషం మాట్లాడరు. ఆ నిమిషం మీరూ మాట్లాడకుండా ఉండండి.

మీ వారు అన్నదాంట్లో నీళ్లు పోయడం వరకు నేనూ ఒప్పుకుంటాను. తొమ్మిది దాటాక ఎండకు కుండీల్లో పోసిన నీళ్లు సగం ఆవిరే, కాబట్టి ఫోన్ ఆరున్నరకు కాకుండా నీళ్లు అయ్యాకే తీయండి. రిజిస్ట్రార్, అంటే డొమైన్ అమ్మిన కంపెనీ, దగ్గర ఆ డొమైన్ గడువు ఏ నెలతో తీరుతుందో ఈ ఆదివారమే అబ్బాయిని అడిగి క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే.